నొప్పి ఎక్కువున్న భుజం ఒకటి, తొందర ఉన్న భుజం ఇంకొకటి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాజమండ్రి. నాకు 53 ఏళ్ళు, ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది. ఇంటి ముందు కర్రీ పాయింట్ నడుపుతున్నాం. అయిదు నెలల కిందట ఎడమ భుజం నొప్పి మొదలైంది. దెబ్బేమీ తగల్లేదు. రాత్రిళ్ళు సలుపుతో నిద్ర ఉండదు. జడ వేసుకోలేను, చెయ్యి నడుం వెనక్కి పోదు. మా వీధి ఆర్‌ఎంపీ గారు సూది వేస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే. ఎమ్మారై తీయిస్తే నరం కొద్దిగా చిరిగిందని, ఎముక కూడా పెరిగిందని, కీహోల్ ఆపరేషన్‌తో నరం కుట్టి ఎముక గీకేస్తామని ఒక ఆసుపత్రిలో చెప్పారు. మా ఆడపడుచు వద్దంటోంది. కబడ్డీలో వాళ్ళబ్బాయి గూడ జారితే కట్లు కట్టే ఆయన ఒక్క లాగుతో సరిచేశాడట, నన్నూ అక్కడికే రమ్మంటోంది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఆపరేషనే చేయించుకోమంటున్నాడు. ఏం చేయమంటారు? మూడు వారాల కిందట మా ఆయన (61 ఏళ్ళు) కూడా స్కూటర్ మీంచి జారి పడ్డారు. కుడి చెయ్యి పైకి లేవడం లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నొప్పి పెద్దగా లేదంటున్నారు కాబట్టి ఆయన గురించి బెంగ లేదు.

సమాధానం: అమ్మా, మీరు బెంగ లేదన్న చోటే నాకు బెంగ పట్టుకుంది. ఉత్తరం చూసి రోగం తేల్చేయకూడదు, నిజమే. అయినా మీరు రాసిన వివరాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. నా అంచనా ప్రకారం మీ భుజానికి కావలసినంత వ్యవధి ఉంది. మీ ఆయన భుజానికి అంత వ్యవధి లేకపోవచ్చు. ఆపరేషన్ అవసరం పడితే మీ ఇంట్లో అది ఆయనకే పడొచ్చు, మీకు కాదు.

ఎందుకో చెప్పాలంటే భుజం ఎలా కుదురుకుని ఉంటుందో ముందు చెప్పాలి. స్కూల్లో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే ఆట ఆడే ఉంటారు. భుజం కీలు అచ్చం అదే. జబ్బ ఎముక పైకొన నిమ్మకాయ, రెక్క ఎముక అంచున ఉన్న లోతు లేని గుంట చెంచా. తుంటి కీలులోలా బంతి లోపలికి దిగి కూర్చోదు. అందుకే చేతిని గుడి గంటకు అందించగలం, వీపు గోక్కోనూగలం. అంత స్వేచ్ఛకు బదులుగా నిమ్మకాయ జారిపోకుండా చూసే పనంతా చుట్టూ ఉన్న మెత్తటి భాగాల మీద పడుతుంది. నాలుగు చిన్న కండలు ముందు నుంచి, పైనుంచి, వెనక నుంచి వచ్చి, తాళ్ళలాంటి తమ కొసలతో బంతిని పట్టుకుని ఉంటాయి. వీటినే రొటేటర్ కఫ్ అంటాం. మీ రిపోర్టులో ఉన్న 'సుప్రాస్పైనేటస్' వీటిలో పైనుంచి వచ్చేది. మీకు చిరిగిందన్నది ఈ తాడే, నరం కాదు. మన దగ్గర తాడునీ, నరాన్నీ, కండనీ అన్నిటినీ నరమే అంటారు. అలా అని వదిలేయడంతో మీరు అనవసరంగా హడలిపోయారు. ఈ తాళ్ళ కింద బంతినీ గుంటనూ కలిపి చుట్టిన పల్చటి సంచీ ఒకటుంటుంది.

మీ ఇద్దరికీ చెడింది వేర్వేరు భాగాలని నా అనుమానం. మీకు సంచీ బిగుసుకుంది. మీ ఆయనకు తాడు తెగి ఉండవచ్చు.

తేడా కనిపెట్టడానికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. మీరు కుర్చీలో కూర్చుని ఎడమ మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని ముందుకు చాపండి. మోచెయ్యి నడుం వదలకుండా అరచేతిని బయటివైపు, తలుపు తెరిచినట్టు తిప్పండి. కుడి చేత్తో కూడా అలాగే చేసి పోల్చుకోండి. ఎడమది మధ్యలో ఆగిపోతే, ఇంకొకరిని మెల్లగా తిప్పమనండి. వాళ్ళు తిప్పినా గోడకు తగిలినట్టు అక్కడే ఆగిందంటే, కండ బలం లేక ఆగినట్టు కాదు, కీలే కదలనివ్వడం లేదు. అప్పుడు ఒక్క మామూలు ఎక్స్‌రే తీయించి కీలు అరుగుదల లాంటివి లేవని చూసుకుంటే చాలు, మీది ఫ్రోజెన్ షోల్డర్. మనవాళ్ళు 'భుజం పట్టేసింది' అనేది దీన్నే.

మీ ఆయనకు దీనికి తిరగేసి జరుగుతుందనుకుంటున్నాను. ఆయన కుడి చేతిని మీరు మెల్లగా పక్కనుంచి ఎత్తండి. మీరు ఎత్తితే పైదాకా వచ్చి, తనంతట తాను ఎత్తమంటే సగంలోనే ఆగి భుజం చెవి దగ్గరికి ముడుచుకుపోతోందా? పైకెత్తిన చేతిని నిలిపి ఉంచమంటే బరువుగా కిందికి పడిపోతోందా? మీ చెయ్యి కింద ఆసరాగా పెట్టే ఉంచండి, నిజంగానే పడుతుంది. అలా అయితే సంచీ బాగానే ఉంది, ఎత్తే తాడు తెగింది.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నమాట నిజమే. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, తాళ్ళు కనిపించవు. అరవై దాటినవాళ్ళు పడినప్పుడు చెయ్యి లేవకపోయి, ఎక్స్‌రే బాగుంటే 'కండ పట్టేసింది, రెండు వారాల్లో తగ్గుతుంది' అని పంపేయడం నేను ఎన్నిసార్లు చూశానో. నొప్పి తగ్గుతుంది కూడా. తగ్గేసరికి మనిషి ఎడమ చేత్తో పనులు అలవాటు చేసుకుంటాడు. 'పర్లేదులే, నొప్పి లేదుగా' అంటాడు. ఈలోగా తెగిన తాడు రబ్బరులా వెనక్కి ముడుచుకుపోతుంది. దానికి పని లేక పైన కండ సన్నబడుతుంది, మెల్లగా కొవ్వుగా మారుతుంది. కొవ్వుగా మారిన కండ మళ్ళీ కండ కాదు. తాడు కుట్టినా లాగేవాడే లేనప్పుడు ఏం లాభం? అందుకే దెబ్బ తగిలి కొత్తగా తెగిన పెద్ద చిరుగును కొన్ని వారాల్లోనే, ఎలా చూసినా మూడు నెలలు దాటకుండా కుట్టాలని చూస్తాం. మీరు ఉత్తరం రాసేనాటికే మూడు వారాలయ్యాయి.

కాబట్టి ఆయన్ను ఈ వారమే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. భుజాల మీద ఎక్కువ పనిచేసే సర్జన్ అయితే మరీ మంచిది. ఎమ్మారై అయినా సరే, భుజం అల్ట్రాసౌండ్ అయినా సరే. చేయి తిరిగినవాళ్ళు తీస్తే పూర్తి చిరుగు అల్ట్రాసౌండ్‌లోనూ బాగానే కనిపిస్తుంది, ఖర్చూ తక్కువ. అప్పటిదాకా మర్దనా వద్దు, లాగించడం వద్దు, స్కూటర్ వద్దు. మెడలో స్లింగు వేసుకోవచ్చు కానీ రోజుకు నాలుగైదుసార్లు తీసి మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు ఆడించాలి. భుజంలో స్టెరాయిడ్ సూది ఎవరైనా వేస్తామంటే, తాడు సంగతి తేలేదాకా ఆగమని చెప్పండి. కుట్టడానికి కొద్ది నెలల ముందు ఆ సూది వేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

చిరుగు బయటపడితే సర్జన్‌ను మూడే అడగండి. తాడు ఎంత మేర తెగింది? ఎంత వెనక్కి పోయింది? కండలో కొవ్వు చేరిందా? ఈ మూడిటి జవాబుల్లోనే కుట్టు నిలుస్తుందా లేదా అన్నది ఉంటుంది. ఆపరేషన్ అంటే భుజం చుట్టూ మూడు నాలుగు చిన్న గాట్లు, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి పరికరాలు. ఎముకలోకి చిన్న మేకుల్లాంటి యాంకర్లు దింపి, వాటికున్న దారాలతో తాడును మళ్ళీ ఎముకకు బిగిస్తారు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అసలు కష్టం అక్కడినుంచే. నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగు, పడుకున్నా సరే. ఆ ఆరు వారాలూ చేతిని తనంతట తాను ఎత్తకూడదు, ఫిజియోథెరపిస్టు ఎత్తాలి. బరువులతో వ్యాయామం మూడో నెల దాటాకే. గుండిగ ఎత్తడం లాంటి పనులు అయిదారు నెలల తర్వాత మాట. మేకు బిగించింది సర్జనే అయినా తాడు ఎముకకు అతుక్కోవాల్సింది ఒంట్లోనే. ఆ అతుకు తొందరపెడితే పడదు. ఆయన సిగరెట్టు తాగేవారైతే ఇప్పుడే మానాలి, పొగ ఆ అతుకును పాడుచేస్తుంది. కర్రీ పాయింట్‌లో కొన్ని నెలలకు ఒక మనిషిని పెట్టుకోవాల్సి వస్తుందని ఈ లెక్కంతా రాస్తున్నాను. ఆసుపత్రి బిల్లు గురించి అందరూ ఆలోచిస్తారు, ఈ ఆర్నెల్ల కూలి గురించి ఎవరూ ఆలోచించరు. మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుచుకునే పథకం మీ కార్డుకు, ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో చేరకముందే ఆసుపత్రిలో ఆ కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకోండి.

ఒకవేళ తాడు పాతబడిపోయి కుట్టడానికి రాని స్థితిలో ఉందంటే అంతా అయిపోయినట్టు కాదు. చిన్న చిరుగులతో, కొన్నిసార్లు పెద్దవాటితో కూడా మిగిలిన కండల్ని బలపరుచుకుని సుఖంగా బతికేవాళ్ళున్నారు. అదీ కుదరక, చెయ్యి అసలు లేవక, కీలు అరిగిపోయినవాళ్ళకు తిరగేసిన కీలు మార్పిడి ఉంది. 1985 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాంట్ అనే సర్జన్‌ దీనికి ఇప్పటి రూపం ఇచ్చారు. నిమ్మకాయను చెంచా వైపు బిగించి, చెంచాను జబ్బ ఎముకకు అమర్చడం అన్నమాట. అప్పుడు తాళ్ళతో పని లేకుండా భుజం మీద గుండ్రంగా కనిపించే పెద్ద కండే చేతిని ఎత్తేస్తుంది. తెలివంటే అదీ. అయితే అది ముదిరిన కేసులకు, పెద్ద వయసువాళ్ళకు. మూడు వారాల దెబ్బకు మొదటి మాట కాదు.

ఇక మీ భుజం.

షుగరు ఉన్నవాళ్ళకు భుజం పట్టేయడం చాలా మామూలు. మామూలు జనంలో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి వస్తే, షుగరు ఉన్నవాళ్ళలో పది నుంచి ఇరవై మందికి వస్తుందని లెక్క. నలభై, అరవై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో ఎక్కువ. థైరాయిడ్ ఉన్నా వస్తుంది, ఒకసారి చూపించుకోండి. 'ఫ్రోజెన్ షోల్డర్' అన్న పేరు 1934లో బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ పెట్టాడు. దీన్ని నిర్వచించడం కష్టం, నయం చేయడం కష్టం, వివరించడం కష్టం అని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. తొంభై ఏళ్ళయినా ఆ మాట పూర్తిగా పాతబడలేదు. ఏ దెబ్బా లేకుండా సంచీలో వాపు మొదలై, అది మందమై, బిగుసుకుపోతుందని మాత్రం తెలుసు.

ఇది మూడు దశల్లో నడుస్తుంది. మొదట కొన్ని నెలలు నొప్పి రాజ్యం, ముఖ్యంగా రాత్రిళ్ళు. తర్వాత నొప్పి తగ్గుతూ బిగుతు మిగులుతుంది. చివరికి నెమ్మదిగా వదులవుతుంది. మొత్తం కలిపి ఏడాది నుంచి మూడేళ్ళు. షుగరు ఉన్నవాళ్ళకు ఇంకాస్త ఆలస్యం, కొందరికి కొద్దిపాటి బిగుతు ఉండిపోతుంది. ఈ మాట చెబితే రోగులు నా మొహంలోకి అదోలా చూస్తారు. నాకూ 52వ ఏట ఎడమ భుజమే పట్టేసింది. ఊళ్ళో అందరి భుజాలూ చూసేవాణ్ణి, చొక్కా తొడుక్కోవడానికి మా ఆవిడ సాయం కావలసి వచ్చింది. 'మీ పేషెంట్లకు చెప్పే ఎక్సర్‌సైజులు మీరెప్పుడైనా చేశారా?' అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. పద్నాలుగు నెలలు పట్టింది.

మరి ఎమ్మారైలో చిరుగు? మీ వయసులో, ఏ నొప్పీ లేనివాళ్ళ భుజాలు తీసి చూసినా కొందరిలో చిరుగులు కనిపిస్తాయి. 1995లో అమెరికాలో ఏ బాధా లేని 96 మంది భుజాలకు ఎమ్మారై తీస్తే మూడో వంతు మందిలో ఏదో ఒక చిరుగు ఉంది. అరవై దాటినవాళ్ళలో అయితే సగానికి పైగా. తల నెరిసినట్టే తాడూ నెరుస్తుంది. మీ తాడు కొద్దిగా చిరిగి ఉండవచ్చు, కానీ ఇంకొకరు తిప్పినా మీ చెయ్యి తిరగకపోవడానికి ఆ చిరుగు కారణం కాలేదు. పైగా బిగుసుకున్న భుజంలో చిన్న చిరుగును కుట్టి నెల పైన స్లింగులో పెడితే ఏమవుతుందో మీరే ఊహించండి. ఉన్న బిగుతుకు ఇంకో బిగుతు. ముందు కదలిక రావాలి. వచ్చాక కూడా చిరుగు బాధపెడితే అప్పుడు దాని సంగతి చూసుకోవచ్చు, అది ఎక్కడికీ పారిపోదు.

ఎముక గీకడం గురించి ఇంకాస్త గట్టిగానే చెబుతాను. పైనున్న ఎముక తాడును ఒరుసుకుంటోంది కాబట్టి కొద్దిగా చెక్కేస్తే నొప్పి పోతుందన్న నమ్మకంతో ప్రపంచమంతా వేలకు వేలు ఈ ఆపరేషన్ చేశారు, నేనూ చేశాను. బ్రిటన్‌లో 313 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు నిజంగా చెక్కి, ఒక గుంపుకు కెమెరా పెట్టి చూసి ఏమీ చెక్కకుండా వదిలేసి, మూడో గుంపుకు ఏ ఆపరేషనూ చేయకుండా ఉంచారు. ఆ ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. చెక్కినవాళ్ళకూ చెక్కనివాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అది చదివిన రోజు నా పాత రోగులు కొందరు గుర్తొచ్చారు. వాళ్ళకు మంచి జరిగింది బహుశా తర్వాత చేయించిన వ్యాయామం వల్లేనేమో.

మీకు నేను చెప్పే దారి ఇది. ముందు మూడు నెలల సగటు షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. దాంతోపాటు కిడ్నీ కోసం క్రియాటినిన్ కూడా. ఎందుకంటే మీరు వేయించుకున్న ఆ సూదులు. రెండు రోజులు హాయిగా ఉండి మళ్ళీ మొదటికొచ్చే సూది సాధారణంగా డైక్లోఫెనాక్, కొన్నిసార్లు దాంతో కలిపి స్టెరాయిడ్. ఒకటి కిడ్నీకి, కడుపుకి, గుండెకి మంచిది కాదు, రెండోది షుగర్ పెంచుతుంది. మన ఊళ్ళ ఆకాశంలో రాబందులు మాయమైపోవడానికి కారణం కూడా ఈ డైక్లోఫెనాకే, తెలుసా? పశువులకు వేసిన మందు కళేబరాల్లో ఉండిపోతే, తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషులకు కొన్ని రోజులపాటు, డాక్టరు లెక్కలో వాడితే పనికొచ్చే మందే. అయిదు నెలలు వీధి చివర వేయించుకునేది మాత్రం కాదు. నొప్పికి పారాసెటమాల్ 650 వేసుకోండి, రోజుకు మూడు మించకుండా. లివరు జబ్బేదైనా ఉంటే డాక్టరును అడిగే వేసుకోండి.

దానికంటే ఎక్కువ మేలు చేసేది కీలు లోపలికి ఒక్క స్టెరాయిడ్ సూది. ఇది చేతికో పిరుదుకో వేసేది కాదు, సరిగ్గా సంచీలోకి, వీలైతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేసేది. నొప్పి దశలో ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది, మీకు ఇంకా రాత్రి నొప్పి ఉంది కాబట్టి ఇదే సమయం. షుగర్ మాత్రం కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా పెరుగుతుంది. మీ షుగర్ డాక్టరుకు ముందే చెప్పి, ఇంట్లో రోజూ పరీక్షించుకోండి. షుగర్ బాగా ఎక్కువగా ఉంటే ముందు అది తగ్గించుకుని తర్వాత వేయించుకోండి. 2020లో బ్రిటన్‌లోనే ఇంకో పెద్ద పరిశోధన జరిగింది. 503 మంది ఫ్రోజెన్ షోల్డర్ రోగుల్లో సూదితో కలిపి ఫిజియోథెరపీ, మత్తిచ్చి చేతిని తిప్పి సంచీని వదులు చేయడం, కెమెరాతో సంచీని కోయడం, ఈ మూడిటినీ పోల్చారు. ఏడాది తిరిగేసరికి మిగతా వాటికంటే చాలా మెరుగు అనదగ్గది ఏదీ తేలలేదు. అలాంటప్పుడు తక్కువ కోతతో, తక్కువ ఖర్చుతో పోయేదే ముందు. సూది, వ్యాయామం కొన్ని నెలలు నిజాయితీగా చేసినా చెయ్యి కదలకపోతే అప్పుడు మిగతా రెండూ ఉండనే ఉన్నాయి.

వ్యాయామానికి ముందు పది నిమిషాలు కాపడం పెట్టుకోండి. వేడినీళ్ళ సంచీ అయినా, ఉప్పు మూట అయినా, వావిలాకు వేసి కాచిన నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు అయినా ఒకటే. వావిలాకు వాసన నాకూ ఇష్టమే, కానీ పనిచేసేది ఎక్కువగా వేడి. మీకు చేతులు కాళ్ళు తిమ్మిరిగా ఉంటుంటే వేడి ఎంతో మీ చర్మానికి తెలియకపోవచ్చు, మీ ఆయన్ను ముట్టుకుని చూడమనండి. షుగరు ఉన్నవాళ్ళకు కాపడంతో బొబ్బలెక్కి నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు.

తర్వాత కుడి చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, ఎడమ చేతిని బావిలో చేదలా వదిలేసి, ముందుకీ వెనక్కీ, గుండ్రంగానూ ఊపండి. చేతిని మీరు ఊపకూడదు, ఒంటిని ఊపితే చెయ్యి ఊగాలి. ఇది కూడా ఆ కాడ్‌మన్ పేరుతోనే చెలామణీలో ఉంది. రెండోది, గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో ఎగబాకించండి. అందినచోట పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. రోజూ చూసుకుంటే ఏమీ మారినట్టుండదు, నెల తర్వాత ఆ గీతలే ధైర్యం చెబుతాయి. మూడోది మీకు ముఖ్యమైనది. వెల్లకిలా పడుకుని మోచేతులు నడుముకు ఆనించి, గొడుగు కర్ర రెండు చేతులతో పట్టుకుని, కుడి చేత్తో నెడుతూ ఎడమ అరచేతిని బయటికి తిప్పండి. వీపు వెనక తువ్వాలు పట్టుకుని లాగేది ఇప్పుడే వద్దు, నొప్పి తగ్గాక. ఒక్కోటి పదిసార్లు, రోజుకు మూడు నాలుగు దఫాలు. చేస్తున్నప్పుడు లాగినట్టు ఉండాలి. అయ్యాక అరగంటలో ఆ నొప్పి సర్దుకోవాలి. ఆ రాత్రి సలుపు పెరిగితే ఎక్కువ చేశారని లెక్క, మర్నాడు తగ్గించండి. 'నొప్పెడితేనే పని జరుగుతుంది' అని మీదపడి చెయ్యి మెలితిప్పేవాళ్ళ దగ్గరికి, వాళ్ళ బోర్డు మీద ఫిజియోథెరపీ అని ఉన్నా సరే, వెళ్ళకండి.

రాత్రి కుడివైపు తిరిగి, ఒక దిండును గుండెకు హత్తుకుని దాని మీద ఎడమ చెయ్యి వేసి పడుకోండి. వెల్లకిలా పడుకుంటే జబ్బ కింద మడిచిన దుప్పటి పెట్టండి. రవికెలు కొన్నాళ్ళు ముందు హుక్కులవే వేసుకోండి. వేసుకునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. కొట్లో మసాలా డబ్బాలు గుండె ఎత్తుకు దించుకోండి, గుండిగ ఇద్దరు కలిసి దించండి. అంతేకానీ చేతిని వాడటం మానేయకండి.

మీ ఆడపడుచు మాట. వాళ్ళబ్బాయికి జారింది నిమ్మకాయే. చెంచాలోంచి జారినదాన్ని మళ్ళీ చెంచాలో పెడితే అప్పటికప్పుడు హాయిగా ఉంటుంది, అందుకే ఆ లాగుడు మహిమలా కనిపించింది. మీకు జారిందేమీ లేదు, లాగడానికి. పుత్తూరు కట్టు లాంటి కట్ల మీద మనవాళ్ళకున్న నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను, కదలకుండా ఉంచితే అతుక్కునే ఎముకలు చాలానే ఉన్నాయి. మీ భుజానికి కావలసింది మాత్రం కదలిక, కట్టు దానికి నేరుగా శత్రువు. మీ ఆయనకైతే కట్టు కింద విలువైన వారాలు గడిచిపోతాయి. ఇంకో మాట ఆవిడకు చెప్పండి. అబ్బాయిది ఇరవై లోపు వయసైతే ఆ గూడ మళ్ళీ జారే అవకాశం చాలా ఎక్కువ. గుంట అంచున ఉండే మెత్తటి గట్టు ఊడిపోయి ఉంటుంది. ఈసారి జారితే ఎక్స్‌రే తీయకుండా ఎవరినీ లాగనివ్వొద్దు. ఎముక విరిగి ఉండవచ్చు, నరం, ఈసారి నిజంగా నరమే, నలగవచ్చు. పోలీసులకు భుజం పక్కన బ్యాడ్జి కుట్టే చోట తిమ్మిరిగా ఉంటే అది నరం గుర్తు. రెండోసారి కూడా జారితే ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడటమే తెలివైన పని.

మీది ఎడమ భుజం, మీకు షుగరు. అందుకని ఇదొక్కటి మనసులో పెట్టుకోండి. చెయ్యి కదిపినా కదపకపోయినా ఒకేలా ఉండే నొప్పి, మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే పోయే నొప్పి, చెమటా ఆయాసమూ వికారమూ తోడైన నొప్పి భుజానిది కాదు, గుండెది కావచ్చు. షుగరు ఉన్న ఆడవాళ్ళలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండానే వస్తుంటుంది. అప్పుడు కాపడం కాదు, 108. మోచెయ్యి దాటి వేళ్ళ దాకా జివ్వుమంటూ తిమ్మిరి పాకితే మెడను చూపించాలి. భుజం ఎర్రబడి వేడిగా ఉబ్బి జ్వరం వస్తే, సూది వేయించుకున్న తర్వాత మరీ ముఖ్యంగా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

అబ్బాయికి ఫోను చేసి, అమ్మ ఆపరేషన్ కోసం దాచిన సెలవులు నాన్న కోసం అవసరం పడొచ్చని చెప్పండి. మీ ఆయన 'నాకేం పర్లేదు' అంటారు. రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టమని అడగండి చాలు. స్కాన్ అయ్యాక రిపోర్టుతోపాటు, ఆయన చెయ్యి మీరు ఎత్తితే ఎక్కడిదాకా వస్తోందో, ఆయన ఎత్తితే ఎక్కడ ఆగుతోందో, రెండూ రాసి పంపండి.